సలాం తరువాత మొదటి మాట

ఇషా నమాజు ముగిసి, భోజనాలు పూర్తయి, జగిత్యాలలోనో నిర్మల్‌లోనో ఒక ఇంట్లో దీపాలార్పే వేళకు రాత్రి పది గంటలవుతుంది. రియాద్‌లో అప్పుడు ఏడున్నర. కంపెనీ బస్సు దిగి, చేతులకంటిన సిమెంటు కడుక్కొని, ఒక యువకుడు ఫోను అందుకుంటాడు. గదిలో మంచం మీద మంచం, ఏకాంతమన్నది లేదు. కాబట్టి క్యాంపు మెట్ల మీద కూర్చుంటాడు. ‘అస్సలాము అలైకుమ్ అమ్మీ’ అంటాడు. జవాబు వస్తుంది. ఆ తరువాత మన నోటినుండి వెలువడే మొదటి మాట ఏమిటి? ఈ నెల మన ఆత్మపరిశీలన ఆ ఒక్క మాటను గురించే.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఈ ప్రయాణం కొత్తది కాదు. 1970లలో చమురు సంపదతో ఎడారి దేశాలలో రహదారులు, భవనాలు వెలిసిన కాలం తరువాత ఇక్కడి పల్లెలు అక్కడికి మనుషులను పంపుతూనే ఉన్నాయి. ఏ దేశానికి వెళ్లినా ఊళ్లో ‘దుబాయి పోయిండు’ అనే చెప్పుకుంటారు. ఎండిన బావులు, చాలీచాలని బీడీల కూలి, తీరని అప్పులు వారిని ఇల్లు కదిలించాయి. 2016లో జిల్లాలు విడిపోయి పేర్లు మారాయి; కొడుకును విమానమెక్కించి తిరిగివచ్చే తల్లి కన్నీరు మారలేదు.

అతడు ఫోనులో ‘బాగున్నాను’ అంటాడు. జ్వరం వచ్చినా అదే మాట. జీతం ఆగినా అదే మాట. గల్ఫ్‌లో పండుగ తరచుగా మనకంటే ఒకరోజు ముందు వస్తుంది. ఆ రోజు అతడు తోటివారితో ఈద్ నమాజు చేసి, గదిలో తానే షీర్ ఖుర్మా కాచుకుంటాడు. మరునాడు మన పండుగను ఫోను తెరపై చూస్తాడు. రెండు పండుగలు చూసినా ఒక్కటీ నిండుగా దక్కదు.

ఈ బెంగను బలహీనత అనుకోరాదు. హజ్రత్ బిలాల్ (రజి) మక్కాలో మండుటిసుకపై చిత్రహింసలు అనుభవించారు. అయినా మదీనాలో జ్వరపడి కోలుకుంటున్నప్పుడు ఆ మక్కా లోయనే, అక్కడి గడ్డినే, అక్కడి కొండలనే తలచుకొని కవిత్వం చెప్పుకున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) ఈ సంగతి తెలుపగా మహాప్రవక్త (స) ఆయనను మందలించలేదు. మక్కాను ప్రేమించినట్లే మదీనాను కూడా తమకు ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. పుట్టిన నేలపై మమకారం అంతటి సహాబీకే తప్పనప్పుడు, ఇరవై రెండేళ్ల కుర్రవాడికి తప్పుతుందా?

మరొక సంఘటన కూడా మనం మరువరాదు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గస్తీలో, భర్త యుద్ధరంగంలో ఉన్న ఒక స్త్రీ ఆవేదన విన్నారు. భార్య ఎంతకాలం ఓర్చుకోగలదని తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి, సైనికుల ఎడబాటుకు గడువు నిర్ణయించారు. అది నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాలు, ఆరు నెలలని మరికొన్ని చెబుతాయి. మన పిల్లల ఒప్పందాలు సాధారణంగా రెండేళ్లు! రాజ్యాన్ని కాపాడే సైనికునికే గడువు ఉన్నప్పుడు, చెల్లెలి పెళ్లి ఆడంబరం కోసం, ఇంటిపై మరో అంతస్తు కోసం, ‘ఇంకొక్క రెండేళ్లుండు’ అని మనం ఎంత తేలికగా అంటున్నాం!

సంపాదన అవసరమే. కుటుంబ పోషణకై పడే శ్రమ పుణ్యకార్యమే. అయితే పంపినవారికీ బాధ్యత ఉంది. వడ్డీ అప్పుతో వీసా కొనిస్తే, అతడి మొదటి ఏడాది చెమట చాలావరకు వడ్డీకే పోతుంది. బంధువులు కలిసి ఖర్జె హసనా ఇవ్వగలిగితే ఆ పాపమూ తప్పుతుంది, ఆ భారమూ తగ్గుతుంది. పదో తరగతి పూర్తికాని వారి పాస్‌పోర్టుపై గల్ఫ్ ఉద్యోగానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఏజెంటు ‘ఈ-మైగ్రేట్’లో నమోదైనవాడో కాదో ముందే చూడండి. విజిట్ వీసాపై పనికి పంపకండి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో మొదలయ్యే ప్రవాసీ భారతీయ బీమా యోజన, మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే 10 లక్షల రూపాయల రక్షణ ఇస్తుంది. ఆ కాగితం నకలు ఇంట్లోనూ ఉంచండి.

అతడు పంపిన ప్రతి రూపాయికీ లెక్క రాయండి. కొంత అతడి పేరనే దాచండి. తిరిగివచ్చే తేదీని అతడితో కలిసి నిశ్చయించి, ఆ తేదీని దృష్టిలో ఉంచుకొని ఖర్చు చేయండి. ఇంటికి రావడానికి అతడు మన అనుమతి కోసం ఎదురుచూసే స్థితి కల్పించకండి.

ఇక ఆ మొదటి మాట. ‘పైసలు ఎప్పుడు పంపుతావు?’ అన్నది కాకుండా, ‘ఏం తిన్నావు నాన్నా? ఒంట్లో ఎలా ఉంది?’ అని అడిగి చూడండి. ‘బాగున్నాను’ అంటాడు. వెంటనే నమ్మకండి; ఒక్క క్షణం ఆగండి. ఆ మౌనంలో అతడు దాచుకున్నది బయటకు రావచ్చు. అది ఓపికగా వినడం తల్లిదండ్రులుగా మనపై అతడికున్న హక్కు.

పరదేశంలో ఉన్న మన బిడ్డలందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక. ఆమీన్.