కాశీలో విడవవలసిన రుచి

తీర్థయాత్రకు బయలుదేరే తెలుగువారి సంచిలో జపమాలతో పాటు ఆవకాయ సీసా కూడా తరచుగా ఉంటుంది. అందులో దోషమేమీ లేదు. అయితే దానితో పాటు కంటికి కనబడని మరొక మూట కూడా ప్రయాణిస్తుంది. అది గతంలో అనుభవించిన రుచుల స్మృతి, రాబోయే రుచులపై ఆకాంక్ష. విస్తరి ముందు కూర్చున్న యాత్రికుడు వడ్డించిన అన్నం కంటే ఈ మూటలోనిదాన్నే ఎక్కువగా భుజిస్తాడు.

పతంజలి మహర్షి స్మృతిని పంచవృత్తులలో ఒకటిగా పరిగణించారు. సుఖానుభవాన్ని వెన్నంటి వచ్చేదే రాగమని నిర్వచించారు. జిహ్వ విషయంలో ఈ రెండింటి సంబంధం సుస్పష్టం. ఒకనాటి రుచి చిత్తంలో సంస్కారంగా మిగిలి, ‘మళ్ళీ అదే కావాలి’ అనే కోరికగా మొలకెత్తుతుంది. అది తీరనప్పుడు ఎదుట ఉన్న అన్నం ఏ లోపమూ లేకున్నా నిస్సారమని తోస్తుంది. కాశీలో ఆవనూనెతో వండిన కూర దక్షిణాది యాత్రికునికి వెగటు కలిగించవచ్చు. అక్కడ పుట్టి పెరిగినవానికి ఆ ఘాటే తల్లి వంటింటి జ్ఞాపకం. పదార్థం ఒక్కటే, భేదమంతా చిత్తంలోని వాసనలది.

ఆకాంక్ష సంగతీ ఇంతే. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ఏయే మజిలీలలో ఏ వస్తువులు దొరుకుతాయో తన గ్రంథంలో వ్రాశారు. నాటి యాత్రికునికి దొరికినదే భోజనం. నేటి యాత్రికుడు రైలు దిగకముందే వంటకాల చిత్రాలన్నీ చూసి ఉంటాడు. కాశీ వీధులలోని ‘మలయ్యో’ శీతాకాలపు వంటకం. పాలను రాత్రి మంచులో ఉంచి చిలికి తీసిన నురుగు. దాని ఖ్యాతి విని వేసవిలో వెళ్ళినవాడు దొరకలేదని ఖిన్నుడవుతాడు. చలికాలంలో వెళ్ళినవాడు విన్నంత గొప్పగా లేదని పెదవి విరుస్తాడు. ఇద్దరూ విశ్వేశ్వరుని సన్నిధిలోనే ఉన్నారు. ఇద్దరి మనస్సూ అక్కడ లేదు.

కాశీలో ఇష్టమైన కాయను, పండును విడిచిపెట్టే ఆచారం ఈ వ్యాధికి ఔషధమే. విడవవలసినవి కాయాపేక్ష, ఫలాపేక్ష అని పెద్దలు దీనికి అంతరార్థం చెబుతారు. కానీ అనేకులు ఎన్నడూ ఇష్టపడని కాయను ఏరి విడుస్తారు. అది త్యాగం కాదు, జిహ్వ చేసిన బేరం. ఇష్టమైనదాన్నే విడిచినా, జీవితాంతం ‘అయ్యో, ఆ రుచి’ అని స్మరిస్తూ ఉంటే విడిచినది కాయను మాత్రమే. విడవవలసినది, రుచి తన పూర్వరూపంలోనే తిరిగి రావాలనే పట్టుదలను.

అట్లయితే స్మృతి సర్వథా త్యాజ్యమా? కాదు. అన్నవరంలో ఆకులో కట్టి ఇచ్చే గోధుమరవ్వ ప్రసాదం తలచుకోగానే రత్నగిరి, దానిపై సత్యదేవుడు మనస్సులో మెదిలితే ఆ స్మృతి ఉపాసనయే. ‘ఇదివరకటంత నెయ్యి లేదు’ అని మాత్రమే తోస్తే అదే స్మృతి బంధం. భేదం జ్ఞాపకంలో లేదు, అది నడిపించే దిశలో ఉన్నది.

యదృచ్ఛగా లభించినదానితో సంతుష్టుడైనవానిని గీత ప్రశంసించింది. ఆ సంతుష్టి రుచి తెలియని జడత్వం కాదు. పోలిక లేకుండా రుచిని గ్రహించడం. అపరిచితమైన ఊరిలో, అపరిచితుల చేతి వంటలో మొదటి ముద్దను ‘మా ఇంట ఇలా ఉండదు’ అనుకోకుండా స్వీకరించగలిగినవాడు అన్నపూర్ణను దర్శించినట్లే. దానికి ఆవకాయ సీసాను పారవేయనక్కరలేదు. మొదటి ముద్ద ముగిసేవరకు దాని మూత తీయకుంటే చాలు.