పన్ను తగ్గింపు పండుగ ఎవరింట?

2025 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 12 లక్షల రూపాయల వరకు ఆదాయపు పన్ను లేదని ప్రకటించారు. దీనివల్ల ఖజానాకు దాదాపు లక్ష కోట్లు తగ్గుతుందని కూడా ఆవిడే చెప్పారు. ఆ లక్ష కోట్లు ఎవరింటికి చేరాయి? స్టూవర్టుపురం, బాపట్ల, రేపల్లె, తెనాలి రైతులం మనమూ లెక్క కట్టాలి.

కొత్త విధానంలో 7 లక్షల లోపు వారికి పన్ను అంతకు ముందే లేదు. వారికి కొత్తగా ఒరిగింది సున్నా. 12 లక్షల వారికి 80 వేలు మిగిలింది. 24 లక్షలు, ఆపైన ఉన్నవారికి లక్షా పదివేలు. 2023లో ఐదు కోట్లు దాటిన వారి గరిష్ఠ పన్నును 42.74 శాతం నుంచి 39కి దించారు. అంటే పది కోట్ల ఆదాయంపై ఏటా 37 లక్షల దాకా మిగులు!

2018-19 ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. ఏడాదికి లక్షా ఇరవై రెండు వేలు. పెద్దాదాయం వారికి మిగిలిన పన్ను, మన ఇంటిల్లిపాది ఏడాది కష్టానికి దగ్గరగా ఉంది. మనకిచ్చే పీఎం కిసాన్ ఆరు వేలు. 2019 నుంచి పైసా పెరగలేదు. లక్షా పదివేలు మన చేతికి రావాలంటే పద్దెనిమిదేళ్లు పైనే పడుతుంది. సొంత భూమి లేని కౌలు రైతుకు ఆ ఆరు వేలూ లేవు.

ఉద్యోగులకు ఊరట దొరికితే మాకు కడుపుమంట లేదు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు.

“వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదుగా, మీకేం బాధ?” అంటారు. మనమూ కడుతున్నాం, అంగట్లో కడుతున్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరుపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, మంచిదే. కానీ ఎరువులపై 5 శాతం, రసాయన పురుగుమందులపై 18 శాతం అలాగే ఉన్నాయి. వెయ్యి రూపాయల మందుకు 180 పన్ను. వ్యాపారి తాను కట్టిన జీఎస్టీని తర్వాత మినహాయించుకుంటాడు. ధాన్యం అమ్ముకునే మనకు ఆ దారి లేదు. అది పెట్టుబడిలో కలిసిపోతుంది.

అందుకే మన డిమాండ్లు మూడు: ఎరువులు, పురుగుమందులపై జీఎస్టీ ఎత్తెయ్యాలి. పీఎం కిసాన్ పెంచి కౌలు రైతుకూ ఇవ్వాలి. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు పూర్తి ఖర్చుపై యాభై శాతం కలిపి మద్దతు ధర కట్టాలి.

సభ్యులందరూ ఈ సీజను నుంచి మందుల షాపులో బిల్లు అడిగి తీసుకోండి, దాచండి. వచ్చే గ్రామసభలో ఆ బిల్లులే మన సాక్ష్యం.