సాలీడు శత్రువా?

పండుగ వచ్చుచున్నదనగానే మన యిండ్లలో బూజుకర్ర పైకి లేచును. గోడమూలల నున్న సాలెగూళ్ళు రాలును. వానితోపాటు సాలీళ్ళును నేలబడి చెప్పుల క్రింద నలిగిపోవును. ఇది తప్పని ఎవరికిని తోచదు. తేలు కుట్టునని తేలును చంపుదురు; పాము కరచునని పామును చంపుదురు. సాలీడు చేసిన అపరాధమేమని అడిగినచో మాత్రము చాలమంది బదులు చెప్పలేరు. చూచుటకు అసహ్యముగా నున్నదందురు. రూపము నచ్చకపోవుట మరణదండనకు తగిన నేరము కాదని నా అభిప్రాయము. తీర్పు చెప్పుటకు ముందు ఆ ప్రాణి యెట్టిదో, అది యేమి చేయుచున్నదో తెలిసికొనుట న్యాయము.

మన భాషలో దానికి గౌరవమైన పేరే యున్నది. సాలె యనగా నేతగాడు. దారము తీసి గూడు అల్లునది గనుక సాలెపురుగు అని మన పెద్దలు పిలిచిరి. ఈ పేరులో మొదటి సగము సత్యము. రెండవ సగము కాదు. శాస్త్రదృష్టిలో సాలీడు కీటకము కాదు. చీమ, ఈగ, తూనీగ మొదలగు కీటకములకు తల, రొమ్ము, కడుపు అను మూడు భాగములును, ఆరు కాళ్ళును, రెండు మీసములును ఉండును. సాలీడు శరీరమున రెండే భాగములు. తలయు రొమ్మును కలిసిపోయి యొకటిగా నుండును. వెనుక నున్నది కడుపు. ఈ రెండింటిని సన్నని నడుము కలుపును. కాళ్ళు ఎనిమిది. మీసములు లేవు; రెక్కలు లేవు. చాల జాతులకు ఎనిమిది కన్నులుండును. తేలు, పశువులను పట్టి పీడించు పిడుదు దీనికి దగ్గరి చుట్టములు.

ఈ చిన్న దేహములో ఎన్ని వింతలున్నవో చూడుడు. సాలీడునకు ఘనాహారమును నమలి మ్రింగు శక్తి లేదు. అది తన కోరలతో ఎరను కరచి విషమెక్కించి కదలకుండ చేయును. పిమ్మట జీర్ణరసమును దానిపై వదలి, మెత్తని భాగములు కరగిన తరువాత ఆ ద్రవమును పీల్చుకొనును. మనకు అన్నము కడుపులో జీర్ణమగును. దానికి కడుపు వెలుపలనే జీర్ణము మొదలగును. దాని రక్తములో రాగి కలిసిన పదార్థ ముండుటచే ఆ రక్తము లేత నీలముగా నుండును. కాళ్ళను ముడుచుటకు కండరములున్నవి గాని, ముఖ్యమైన కీళ్ళను చాచుటకు కండరములు లేవు. లోపలి ద్రవమును ఒత్తిడితో కాళ్ళలోనికి పంపి వానిని చాచును. ప్రాణము పోయినంతనే ఆ ఒత్తిడి తగ్గును. చచ్చిన సాలీడు కాళ్ళన్నియు లోపలికి ముడుచుకొని యుండుటకు కారణమిదియే.

ఇక దాని నేత. కడుపు చివర నున్న చిన్న బొడిపెల నుండి దారము వెలువడును. దేహములో అది ద్రవము. బయటికి లాగబడినపుడు గట్టిపడి దారమగును. ఒక్క సాలీడే వేర్వేరు పనులకు వేర్వేరు విధములైన దారములు తీయగలదు. తోటలో చక్రమువలె కనబడు వలను శ్రద్ధగా చూచినచో ఈ సంగతి తెలియును. నడుమ నుండి అంచులకు పోవు ఆకులవంటి దారములు పొడిగా నుండును. వానిమీద చుట్లుచుట్లుగా త్రిప్పిన దారమునకు జిగురుండును. ఈగ చిక్కుకొనునది ఆ జిగురు దారమునకే. చిరిగిన వలను సాలీడు వృథాగా పారవేయదు. దానిని తినివేసి, ఆ పదార్థముతోనే తిరిగి క్రొత్త దారము తీయును. పొదుపు గూర్చి ఇంతకంటె మంచి పాఠము వేరొకటి కలదా?

1973వ సంవత్సరములో అమెరికావారు స్కైలాబ్ అను అంతరిక్షశాలకు రెండు సాలీళ్ళను పంపిరి. బరువు తెలియని ఆ చోట అవి వల అల్లగలవా యను ప్రశ్నను వేసినది మహాపండితులు కారు. జూడిత్ మైల్స్ అను ఉన్నత పాఠశాల విద్యార్థిని. మొదట ఆ వలలు వంకరటింకరగా వచ్చినవి. కొలది దినములలో సాలీళ్ళు ఆ క్రొత్త స్థితికి అలవాటుపడి మంచి వలలు అల్లినవి. మూలనున్న సాలీడును చూచి కర్ర నెత్తుటకు మారుగా ప్రశ్న వేసినందున ఆ బాలిక ప్రపంచమునకు ఒక క్రొత్త సంగతి తెలిపినది.

సాలీడు వలన మనకు గలుగు మేలును లెక్కింపకున్నచో ఈ వాదము పూర్తి కాదు. ఇంటిలో ఈగలను, దోమలను పట్టి తినునది అదియే. ప్రపంచమందలి సాలీళ్ళన్నియు కలిసి యేటా 40 కోట్ల నుండి 80 కోట్ల టన్నుల వరకు ఎరను తినుచున్నవని 2017లో ఇద్దరు శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. అందు అధికభాగము కీటకములే.

మన వరిపొలములలో దీని సేవ మరింత విలువైనది. అన్ని సాలీళ్ళును వల అల్లవు. కొన్ని నేలమీదను, పైరు మొదళ్ళలోను పరుగెత్తి వేటాడును. తోడేలు సాలీడు అనబడు జాతి అట్టిది. దానిలో తల్లి తన గ్రుడ్ల సంచిని కడుపు చివర తగిలించుకొని తిరుగును. పిల్లలు పుట్టిన పిదప వానిని వీపుమీద మోయును. ఈ జాతికి వరిని పీల్చు సుడిదోమ ఇష్టమైన ఆహారము. దోమపోటు వలన పైరు ఎండి నష్టపోయిన రైతుల కష్టము మనవారికి క్రొత్త గాదు. తొందరపడి మందు చల్లినపుడు దోమతోపాటు సాలీళ్ళును చచ్చును. వరి ఆకుతొడిమలలో దాగిన దోమగ్రుడ్లు మాత్రము చావవు. అవి పొదిగి పిల్లలు వెలువడునప్పటికి పొలములో వానిని తిను శత్రువు ఉండదు. అందుచే దోమ మునుపటికంటె ఎక్కువగును. ఇండొనీషియా ప్రభుత్వము ఈ సత్యమును గ్రహించి 1986లో వరిపై 57 రకముల పురుగుమందుల వాడుకను నిషేధించెను. కావున సాలీడును కాపాడుట దయకు మాత్రమే సంబంధించిన మాట కాదు. మన అన్నమునకు సంబంధించిన మాట.

విషమున్నదికదా, దానిని ఎట్లు నమ్ముటయని కొందరు అడుగుదురు. ప్రశ్న తగినదే. దాదాపు అన్ని సాలీళ్ళకును విషము కలదు. కాని అది చిన్న ప్రాణులను లొంగదీయుటకు ఉద్దేశింపబడినది. మన యిండ్లలో తిరుగు చాల జాతుల విషము మనుష్యునకు హాని చేయజాలదు. ప్రపంచమున 50,000కు పైగా సాలీడు జాతులు గుర్తింపబడగా, మనుష్యునకు అపాయకరమైనవి మిక్కిలి కొద్ది. అట్లని సాలీడును చేత పట్టుకొనుమని నేను చెప్పుట లేదు. పెద్దవి, రోమములు గలవి కరచినచో బాధ కలుగును. దూరముగా నుండి చూచుట చాలును. ఇల్లు శుభ్రముగా నుండవలదా యని మరికొందరందురు. ఉండవలెను. బూజు దులుపుడు, ప్రాణిని చంపకుడు. ఒక గాజుగ్లాసును దానిపై బోర్లించి, క్రింద దళసరి కాగితము మెల్లగా దూర్చి, పెరటిలో విడిచిపెట్టుటకు ఒక్క నిమిషము పట్టదు.

సాలీడును గౌరవించుట మన దేశమునకు తెలియని విషయము కాదు. శ్రీకాళహస్తి యను పేరులో శ్రీ యనగా సాలీడు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. అంత పెద్ద ఏనుగుతో సమానముగా ఈ చిన్న ప్రాణిని శివభక్తుల వరుసలో నిలిపిన జాతి మనది. ఇట్టి మనము నేడు ఏమి చేయుచున్నామో విచారింపుడు. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త జాతి సాలీడును వర్ణించెను. అది మన గుత్తి రైలు స్టేషనులోని కలపదొడ్డిలో దొరకినది. దాని దేహము మెరయు నీలవర్ణము. తరువాత నూరేండ్ల వరకు ఎవరికిని కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు నడుమ నున్న అడవిలో మరల కనబడినది. పెద్దచెట్ల తొఱ్ఱలు దాని నివాసము. కలపకును వంటచెరకునకును చెట్లు నరుకుటచే దాని నివాసము తరిగిపోవుచున్నది. వేడుకకై పెంచుకొనువారికి అమ్ముటకు కొందరు దానిని పట్టుకొనిపోవుచున్నారు. అది పూర్తిగా నశించు అపాయములో నున్నదని 2008లో అంతర్జాతీయ సంస్థ ప్రకటించెను. మన దేశపు అడవులలో తప్ప మరెచ్చటను సహజముగా లేని ప్రాణి అది. అది పోయినచో, మరియొక దేశమునుండి తెచ్చుకొనుటకు వీలులేదు.

బాలబాలికలారా! తెలియనిదానిని చూచి భయపడుదుము, భయపడినదానిని చంపుదుము. ఈ వరుసను మీరు మార్చవలెను. ఈసారి గోడమూల సాలీడు కనబడినపుడు కర్ర కొరకు వెదకకుడు. దాని కాళ్ళు లెక్కింపుడు. అది ఏ వేళ వల అల్లునో, ఏమి పట్టునో ఒక పుస్తకములో వ్రాసికొనుడు. పది దినములు అట్లు చూచినవాడు పదునొకండవ దినమున దానిని చంపజాలడని నా దృఢవిశ్వాసము.