కన్యాకంకణం

శ్రీమద్భాగవత ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు చెప్పిన 24 మంది గురువులలో ఒక కన్య ఉంది. అతిథుల భోజనార్థం ధాన్యం దంచుతుండగా గాజులు మ్రోగాయి. సిగ్గుపడి, చేతికొక్కటే ఉంచి తక్కినవి తొలగించింది. అవధూత గ్రహించినది ఏకాంతవాసం; సన్న్యాసికి అది యుక్తమే.

గృహస్థుణ్ణైన నేనూ అదే గ్రహించాననుకొని, తలుపు మూసి పారాయణ చేసేవాణ్ణి. ఒకనాడు ఈ ఘట్టమే చదువుతుండగా వంటింట్లోనుండి అమ్మ పిలిచింది. విసుగుతో పలకలేదు. మూడవసారి పిలిచేసరికి స్ఫురించింది: ఆ కన్య గాజులు తీసినది దంచడం మానడానికి కాదు, కొనసాగించడానికి! నిత్యజీవితం గురువే, అయితే మన సౌకర్యానికి తగిన పాఠాన్నే ఏరుకోవడం శిష్యత్వమా?

గ్రంథం మూసి వెళ్ళాను. పప్పు డబ్బా మూత ఊడక అమ్మ అలాగే నిలబడి ఉంది.