వెర్సాయ్ దాకా వెళ్ళిన కెమెరా బండారులంకకి రాదేం?

1973 నవంబర్ 28 రాత్రి ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ కోటలో ఒక ఫ్యాషన్ ప్రదర్శన జరిగింది. పాడుబడుతున్న కోట మరమ్మతుకి డబ్బు పోగుచేయడానికి పెట్టిన వేడుక అది. ఒక పక్క ఈవ్ సాన్ లోరాన్, జివాన్షీ లాంటి అయిదుగురు ఫ్రెంచి డిజైనర్లు, ఇంకో పక్క హాల్‌స్టన్, స్టీఫెన్ బరోస్ లాంటి అయిదుగురు అమెరికన్లు. ఫ్రెంచివాళ్ళు భారీ సెట్టింగులతో దిగారు. అమెరికన్లు దాదాపు ఖాళీ వేదిక మీద టేపు పాటలు పెట్టుకుని అందరినీ లేపి నిలబెట్టారు. ఆ గెలుపు పదిమంది దాకా ఉన్న నల్లజాతి మోడల్ అమ్మాయిల నడకలో ఉంది. చరిత్ర మాత్రం డిజైనర్ల పేర్లు రాసుకుని వాళ్ళని వదిలేసింది. 2012లో డెబొరా రైలీ డ్రేపర్ అనే దర్శకురాలు ‘వెర్సాయ్ 73’ డాక్యుమెంటరీలో ఆ అమ్మాయిలని కథకి నడిమధ్య నిలబెట్టింది. బెథాన్ హార్డిసన్, ప్యాట్ క్లీవ్‌లాండ్, బిల్లీ బ్లేర్ ఎవరో నాలాంటివాళ్ళకి తెలిసింది ఆ సినిమా పుణ్యమే.

ఒక్క రాత్రి జరిగిన అన్యాయానికి 39 ఏళ్ళ తరవాతైనా సమాధానం దొరికింది. సంతోషం. మరి తరాల తరబడి జరిగిన అన్యాయానికి సినిమా ఎవరు తీస్తారు? కోనసీమ వాడిగా నేనడిగేది ఇదే.

బెండమూర్లంక ఇవాళ అల్లవరం మండలంలో ఒక పల్లెటూరు. అమలాపురంలో పుట్టి పెరిగినవాళ్ళకే ఆ ఊరి చరిత్ర తెలియదు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి గోదావరి పాయల మీద మూడు ఫ్యాక్టరీలుండేవి. నరసాపురం దగ్గర మాధవాయిపాలెం, యానాం దగ్గర ఇంజరం, మూడోది మన బెండమూర్లంక. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలున్నది కాదు, నేతగాళ్ళ దగ్గర బట్ట కొని గోదాములో పెట్టి ఓడకెక్కించే చోటు. అక్కడ దొరికే బట్ట మేలైన రకమని ఆనాటి యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ కూడా ఒప్పుకున్నాడు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ మూడింటినీ పట్టుకున్నాడు. మడపోలమని మాధవాయిపాలెం పేరు బట్టకి పెట్టి ప్రపంచమంతా అమ్ముకున్నారు. ఆ బట్ట నేసిన ఒక్క మనిషి పేరైనా చదువుకున్నామా?

అంతకుముందు జరిగింది ఇంకా పెద్ద కథ. మచిలీపట్నం అద్దకాలు, కోరమండల్ తీరపు నూలు బట్టలు యూరప్ ఆడవాళ్ళకి పిచ్చెక్కించాయి. ఉతికినా వెలవని రంగు, ఒంటికి బరువనిపించని గుడ్డ వాళ్ళకి కొత్త. అక్కడి ఉన్ని, పట్టు వ్యాపారులకి కడుపు మండింది. 1686లో ఫ్రాన్స్ ఈ అద్దకాలని నిషేధించింది. అప్పటి రాజు పద్నాలుగో లూయీ, ఆయన కొలువుండే కోట ఈ వెర్సాయే! ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో అద్దకపు బట్టల దిగుమతి మీద చట్టం చేసింది. అదీ చాలలేదు. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్ళు లండన్ వీధుల్లో కాలికో అనే ఈ నూలుబట్ట గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపారు, సిరా చల్లారు. 1721 చట్టంతో అద్దకపు నూలు బట్ట ఒంటిమీద వేసుకోవడమే నేరమైంది. అసలు వెర్సాయ్ పోటీ ఇదీ. తెలుగువాడి చేతిపనికి జడిసి రెండు రాజ్యాలు చట్టాలు చేశాయంటే ఫ్యాషన్ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఘట్టం ఏముంది? దీనిమీద మన భాషలో మనసుపెట్టి తీసిన డాక్యుమెంటరీ నాకైతే ఒక్కటీ కనపడలేదు.

తరవాతి కథ తెలిసిందే. 1813లో ఇండియా వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, 1833లో కంపెనీ వ్యాపారమే మూతబడింది. మాంచెస్టర్ మిల్లు గుడ్డ వచ్చి పడింది. కొనేవాడు ఓడెక్కి వెళ్ళిపోయాడు, నేసేవాడు మగ్గం గుంటలో మిగిలిపోయాడు.

అయినా మగ్గం చావలేదు. అమలాపురానికి కూతవేటు దూరంలో బండారులంక ఉంది, అంబాజీపేట పక్కన పుల్లేటికుర్రు ఉంది, రాజోలు వైపు మోరి ఉంది. వెళ్ళి చూడండి. ఇంట్లో సగం జాగా గుంటమగ్గానిదే. వానాకాలం గుంటలోకి ఊట నీరు వస్తుంది, కాళ్ళు తడిలో పెట్టుకుని తొక్కుడు చెక్కలు తొక్కాలి. నీరు పెరిగితే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే మజూరీ లేదు. వీధిలో పడుగు సాచి గంజి పెడుతుంటే మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ పరుగెత్తాలి. కొత్త పడుగు ఎక్కించాలంటే పాత పోగు కొసకి కొత్త పోగు కొస అంటించి నలపాలి, ఒక్కొక్కటే, వేల పోగులు. అచ్చు అతకడం అంటారు దీన్ని. ఆ వేళ్ళ కదలికని పది నిమిషాలు కట్ చేయకుండా చూపించగల దమ్మున్న దర్శకుడు కావాలి నాకు.

కెమెరాలు రావడం లేదని నేననను. వస్తాయి. కొబ్బరితోటల మీద డ్రోను ఎగరేస్తాయి, దిండిలో పడవలెక్కుతాయి, అంతర్వేదిలో సాగరసంగమం తీస్తాయి. దారిలో మగ్గం దగ్గర మూడు నిమిషాలాగుతాయి. ఒక ముసలాయన ముడతల మొహం, వెనకాల ఏడుపు వేణువు, ‘అంతరించిపోతున్న కళ’ అని ఒక గంభీరమైన గొంతు. ఆ ముసలాయన పేరు వెయ్యరు. ఆయన మజూరీ ఎంతో అడగరు. అదే చీర హైదరాబాదు షోరూములో ఎంతకి అమ్ముతున్నారో చెప్పరు. చివర్లో కృతజ్ఞతల్లో డిజైనర్ పేరు, స్పాన్సర్ పేరు, మంత్రిగారి పేరు. ఇది దోపిడీ. మనిషి పని తీసుకుని పేరు దాచెయ్యడానికి ఇంకో పేరు నాకు తెలియదు.

జాలి ఎవరడిగారు? అంతరించిపోతోందని ఏడ్చేవాళ్ళు అంతరింపజేస్తున్నదెవరో చెప్పాలి కదా. 1985లో చేనేతకి కొన్ని రకాలు కేటాయిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలు, తరవాత వాటిని 11కి కుదించారు. ఆ పదకొండైనా మరమగ్గాల మీద నేసి చేనేత అని అమ్ముతుంటే పట్టుకునేదెవరు? అఖిల భారత చేనేత బోర్డుని 2020 జులైలో రద్దు చేశారు, రెండు వారాలు తిరక్కుండా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం శుభాకాంక్షలు చెప్పారు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మంది ఈ పనిలో ఉన్నారు, నేత కుటుంబాల్లో మూడింట రెండొంతులకి నెలకి 5,000 రూపాయలు కూడా రావడం లేదు. ఏ ఫ్యాషన్ షోలో ఈ అంకె తెరమీద పడింది?

అదే గణన ఇంకోటి కూడా చెప్పింది: నేతపనివారిలో 70 శాతానికి పైగా ఆడవాళ్ళు. బండారులంకలో ఆసు పోసేది, కండెలు చుట్టేది, గంజి కాచేది ఎవరో ఊరందరికీ తెలుసు. ఆమెకి విడిగా మజూరీ లేదు. చేనేత సహకార సొసైటీ పుస్తకంలో ఆమె పేరు లేదు. వెర్సాయ్‌లో నడిచిన ఆ అమ్మాయిలకి 39 ఏళ్ళు పట్టింది. కండెలు చుట్టే మా ఆడపడుచుల పేర్లు ఎన్నేళ్ళకి తెరమీదకి వస్తాయి?

సినిమా తీసేవాళ్ళకి నా మాట ఒకటే. బెండమూర్లంకలో మొదలుపెట్టండి, బండారులంకలో ముగించండి. వేణువు వద్దు, నాడె చప్పుడు చాలు. చీర ధరలో నూలుకెంత, మజూరీకెంత, మధ్యవాళ్ళకెంత, షాపుకెంత, అంకెలు తెరమీద వెయ్యండి. పనిచేసిన ప్రతి మనిషి పేరూ, ఆడా మగా, వాళ్ళ సమ్మతితో వెయ్యండి. ప్రభుత్వాలు కూడా సభలు మాని, చేనేత చీర మీద అతికించే చీటీలో నేసిన ఊరు, నేసిన మనిషి పేరు, ముట్టిన మజూరీ అచ్చు వేయించాలి.

చీర కొనే అక్కచెల్లెళ్ళారా, అన్నదమ్ములారా, ఈసారి కౌంటరు దగ్గర డిస్కౌంటు అడిగేముందు ఇది నేసిందెవరని అడగండి. చెప్పలేకపోతే కొనకుండా లేచి వచ్చెయ్యండి.