మీ ఫైలును ఎవరు డౌన్‌లోడ్ చేశారు? లెక్క ఎక్కడ ఉంటుంది?

2024 జులై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. భూముల ఫైళ్లు కాలిపోయాయి. మర్నాడే డీజీపీ ద్వారకా తిరుమలరావు వచ్చి చూసి, ఇది ప్రమాదంలా లేదన్నారు. తర్వాత కేసు సీఐడీకి వెళ్లింది. అప్పటి నుంచి చాలామంది అడుగుతున్నది ఒకటే: అన్నీ కంప్యూటర్లో ఉంటే ఈ బాధ ఉండేది కాదుగా?

సగం నిజమే. కాగితం కాలితే కనీసం బూడిద కనిపిస్తుంది. కంప్యూటర్ ఫైలును ఎవరైనా కాపీ చేసుకుపోతే అసలు ఫైలు ఉన్నచోటే ఉంటుంది. పోయిందని కూడా తెలియదు. తెలియాలంటే ఒక్కటే దారి, సర్వర్ రాసుకునే లాగ్.

ఆఫీసులో అందరూ వాడే ఎఫ్‌టీపీ సర్వర్‌నే తీసుకోండి. లాగ్ పెట్టి ఉంటే, ఫైలు కదిలిన ప్రతిసారీ అందులో ఒక వరుస చేరుతుంది. సమయం, అవతలి కంప్యూటర్ ఐపీ అడ్రస్, ఫైలు పేరు, సైజు, లాగిన్ పేరు అన్నీ ఉంటాయి. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో ‘ఓ’ అక్షరం ఉంటే ఫైలు బయటికెళ్లినట్టు, అంటే డౌన్‌లోడ్. ‘ఐ’ ఉంటే లోపలికి వచ్చినట్టు. డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయినా అదీ నమోదవుతుంది.

మరి చిక్కెక్కడ? పది మందీ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ వాడితే లాగ్‌లో పది మందికీ ఒకటే పేరు. ఆఫీసు మొత్తానికి ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ ఉంటే బయటి సర్వర్‌కు కనిపించే ఐపీ కూడా ఒకటే. ఇక విండోస్ షేర్డ్ ఫోల్డర్ అయితే, ఆడిటింగ్ విడిగా ఆన్ చేస్తే తప్ప ఎవరు ఏ ఫైలు తెరిచారో రాసుకోదు. ఆ తర్వాత వాట్సాప్‌లో ఎంతమందికి పంపారో ఏ సర్వర్‌కూ తెలియదు. సర్వర్ తాళాలున్న మనిషే లాగ్‌ను చెరిపేయగలడు కూడా. అందుకే లాగ్ కాపీ వేరే సర్వర్‌లో ఉండాలి.

ప్రభుత్వ కార్యాలయాలు సహా అన్ని సంస్థలూ లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. బాగానే ఉంది. కానీ మన దగ్గర భూమి తగాదా 180 రోజుల్లో తేలడం మీరెప్పుడైనా చూశారా?

కాబట్టి మీది పుంగనూరైనా, కుప్పమైనా, అనుమానం వచ్చిన వెంటనే అడగండి. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) సెక్షన్ ‘సమాచారం’ కిందికి లాగ్‌బుక్‌లనూ, ఎలక్ట్రానిక్ రూపంలోని డేటానూ చేర్చింది. మండల స్థాయి కార్యాలయమైతే ఫీజు 5 రూపాయలు, ఆ పైనైతే 10. గడువు 30 రోజులు. భద్రత పేరు చెప్పి ఐపీ అడ్రస్‌లు ఇవ్వకపోవచ్చు. అందుకే ఫైలు నంబరు, తేదీలు స్పష్టంగా రాసి, ఏ హోదా లాగిన్‌తో ఆ ఫైలు తెరిచారో, లాగ్ ఎంతకాలం ఉంచుతారో అడగండి. ‘లాగ్ లేదు’ అని జవాబిస్తే, ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి. అప్పీలులో పనికొస్తుంది.