‘నగరంలో నేడు’ ఎవరి నగరం?

దినపత్రికల జిల్లా పేజీలో ఒక మూల ‘నగరంలో నేడు’ అన్న శీర్షికతో చిన్న పెట్టె ఒకటి కనిపిస్తుంది. ఆ రోజు ఊళ్ళో ఏ సభ ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది అందులో నాలుగైదు పంక్తుల్లో ఉంటుంది. తిరుపతి వంటి చదువుల ఊళ్ళో ఆ పెట్టె ఖాళీగా ఉండే రోజు అరుదు. 1954లో వచ్చిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం మొదలుకొని నిన్నమొన్నటి ఐఐటీ, ఐసర్ వరకు ఇన్ని విద్యాసంస్థలున్న చోట వక్తలకూ కొరత లేదు, శ్రోతలకూ కొరత లేదు. సెలవు రోజు సభల సంగతి వేరు. పనిదినాన జరిగే సభలు ఊరి స్వభావాన్ని మరింత నిజాయితీగా చెబుతాయి. బుధవారం సాయంత్రం ఆరు గంటలకు ఎవరికి తీరిక ఉంటుంది, ఎవరు ఇంకా పనిలోనో, హాస్టల్ భోజనాల వరుసలోనో ఉంటారు అన్నది కూడా ఆ చిన్న పెట్టెలో భాగమే.

నిరుడు నవంబరు 26 బుధవారం పడింది. తిరుచానూరులో పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవాలు అప్పుడే ముగిశాయి. ఆ ఉదయం ఆ పెట్టెను కత్తిరించి తరగతికి తీసుకెళ్ళాను. ఒక సంగీత సభ, ఒక ఆధ్యాత్మిక ప్రవచనం, ఒక రక్తదాన శిబిరం, ఒక కుల సంఘం విద్యార్థులకిచ్చే ప్రతిభా పురస్కారాలు, రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా అంబేడ్కర్ విగ్రహానికి పూలమాల. ఇవీ ఆనాటి కార్యక్రమాలు. నల్లబల్లపై రెండు గళ్ళు గీసి, ఒకదానిపై ‘అందరివి’ అనీ, మరొకదానిపై ‘కొందరివి’ అనీ రాశాను. ఏది ఎందులోకి వస్తుందో చెప్పమన్నాను.

సంగీత సభ, ప్రవచనం, రక్తదానం క్షణం ఆలస్యం లేకుండా ‘అందరివి’లోకి వెళ్ళాయి. ప్రతిభా పురస్కారాలు ‘కొందరివి’లో పడ్డాయి. దానితో పాటు రాజ్యాంగ దినోత్సవం కూడా అదే గడిలో పడింది. ఎందుకని అడిగితే ఒక విద్యార్థి ఏమాత్రం సంకోచించకుండా, ‘అది ఎస్సీల ప్రోగ్రాం కదా సార్’ అన్నాడు. తరగతిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. 1949 నవంబరు 26న ఈ దేశ ప్రజలందరి పేరిట ఆమోదం పొందిన గ్రంథం, డెబ్బయి ఆరేళ్ళ తరువాత ఒక విశ్వవిద్యాలయ తరగతి గదిలో కొందరి కార్యక్రమంగా మిగిలింది.

అప్పుడు చివరి వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. సత్యవేడు వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల. ‘సార్, అందరివి అని రాసినారే, వాటిల్లో ఒక్కదానికీ నేను ఎప్పుడూ పోలేదు. పోవద్దని ఎవురూ చెప్పలేదు. రమ్మనీ ఎవురూ చెప్పలేదు’ అంది. కులం మీద నేను చదివిన పుస్తకాలు నాకు ఇంత క్లుప్తంగా ఈ విషయం చెప్పలేదు.

ఈ మాటను చట్టం పక్కన పెట్టి చూడాలి. రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో క్లాజు దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు గుమికూడే స్థలాలు అంటూ ఒక జాబితా ఇస్తుంది. కులం కారణంగా వీటిలో ఎవరినీ అడ్డుకోరాదంటుంది. జాగ్రత్తగా చదివితే అది మన ‘నగరంలో నేడు’ పెట్టెకు వేసిన పునాదిలా కనిపిస్తుంది. ఆ జాబితా ఊరకే రాలేదు. 1927లో మహద్ చెరువు నీటి కోసం అంబేడ్కర్ నాయకత్వాన వేలాది మంది నడవాల్సి వచ్చింది. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన చిత్తూరు జిల్లాలో ఆలయాల తలుపులు తెరవడానికి 1947 నాటి ఆలయ ప్రవేశ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఎవరూ ‘పోవద్దు’ అనకుండా చేయడానికే ఇంత పోరాటం పట్టింది. ‘రండి’ అనిపించే పని మాత్రం ఏ చట్టమూ చేయలేదు. అది పౌర సమాజం చేయాల్సిన పని. మన పౌర సమాజం ఆ పనిని కుల సంఘాలకు వదిలేసింది.

కుల సంఘాలను ఒక్క మాటతో కొట్టిపారేసే వారిలో నేను లేను. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి అద్దె గది దొరకని కాలంలో కుల వసతి గృహాలు నీడనిచ్చాయి. పైగా అన్ని సంఘాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. అట్రాసిటీ కేసులో బాధితుల పక్షాన నిలబడటానికి మాలలో, మాదిగలో, యానాదులో సంఘంగా ఏర్పడటం వేరు. భూమి, కాంట్రాక్టు, ఆసుపత్రి, కళాశాల చేతిలో ఉన్న వారు కల్యాణ మండపంలో ఆత్మీయ సమ్మేళనం పేరిట కలవడం వేరు. మొదటిది లేని హక్కు కోసం, రెండోది ఉన్న ఆధిక్యం చేజారకుండా ఉండటం కోసం. కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద కులానికొక పంక్తి వేసి జరిపే వనభోజనాల్లో వడ్డించేది పులిహోర ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఫలానా అధికారి మనవాడు, ఫలానా అమెరికా సంబంధం మనది అన్న సమాచారం కూడా అక్కడే వడ్డిస్తారు. ఆ విస్తరి ముందు కూర్చోలేని విద్యార్థి, ప్రతిభ ఎంత ఉన్నా, ఆ సమాచారానికి దూరంగానే ఉంటాడు.

ఈ సభలన్నింటికీ వెళ్ళే కులాతీత పౌరుడు మన ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆయన రాజకీయ నాయకుడు. ఉదయం ఒక కులం క్యాలెండర్ ఆవిష్కరిస్తారు, మధ్యాహ్నం మరో కులం భవనానికి శంకుస్థాపన చేస్తారు, సాయంత్రం ఇంకో కులం వధూవరుల పరిచయ వేదికను ప్రారంభిస్తారు. ప్రతిచోటా ‘మీ కులానికి నేను అండ’ అంటారు. ఏ చోటా ఆ కులాన్ని మరో కులంతో కలిసి కూర్చోమని అడగరు. అడిగితే ఆయన అవసరం తగ్గిపోతుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఎం.ఎ. చదివే రోజుల్లో మా వెనుకబడిన కులం సంఘం ఒకటి నాకు ప్రతిభా పురస్కారం ఇచ్చింది. శాలువా, జ్ఞాపిక, పుస్తకాలకు కొంత డబ్బు. ఆ డబ్బుతో ఆ ఏడాది పరీక్ష ఫీజు కట్టాను. హాస్టల్లో నా గదిలోనే ఉన్న దళిత మిత్రుడికి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సాయం అతనికి రాదు. అతని వాళ్ళలో అలా ఇవ్వగలిగిన సంఘం అప్పటికి ఆ ఊళ్ళో లేదు. శాలువాతో గదికి తిరిగి వచ్చినప్పుడు ‘బాగుంది రా’ అన్నాడు. రెండో సంవత్సరంలో ఉపకార వేతనం ఆలస్యమై, ఇంటి దగ్గర అప్పు పెరిగి, అతను చదువు వదిలి చెన్నైలో పనికి వెళ్ళాడు. నేను ఆచార్యుడినయ్యాను. ఆ సంఘం తప్పేమీ చేయలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కులం ప్రజాస్ఫూర్తిని చంపేస్తుందనీ, దానగుణం కూడా కులంతో మొదలై కులంతోనే ముగుస్తుందనీ అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో చేసిన విమర్శను తరగతిలో పాఠంగా చెప్పినప్పుడల్లా ఆ శాలువా గుర్తుకు వస్తుంది. ఆ రోజు అందులో సగం డబ్బు అతనికి ఇవ్వవచ్చునన్న ఆలోచన కూడా నాకు రాలేదు. కులం నాకు చేసిన శిక్షణ అంత బలమైనది.

మన ఊరికి కలిసి ఉండటం తెలియదా అంటే తెలుసు. తాతయ్యగుంట గంగమ్మ జాతరే సాక్ష్యం. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై పై మంగళవారం దాకా సాగే ఆ వారంలో తరగతులకూ పనులకూ మధ్యనే ఊరు మరో రూపం ఎత్తుతుంది. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం. ఆడపిల్లలను చెరిచిన పాలెగాడిని గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెదికి, చివరకు దొర వేషంలో చంపిందని కథ. అమ్మవారి వేషాలు ధరించేది కైకాల కుటుంబం. శ్రీవారి చెల్లెలిగా గంగమ్మకు తిరుమల నుంచి సారె వస్తుంది. మగవారు చీర కట్టుకుని వీధిలో నడుస్తారు. మా విద్యార్థులూ ముఖానికి రంగులు పూసుకుని ఆ గుంపులో ఉంటారు. ఏ పిలుపూ లేకుండా అందరూ వచ్చే సంబరం ఈ ఊళ్ళో అదే.

అయినా దానిలో ఒక చేదు నిజం ఉంది. శుక్రవారం తోటి వేషం కట్టిన కుర్రాడు సాయంత్రానికి స్నానం చేస్తే మళ్ళీ తన కులంలోకి వెళ్ళిపోతాడు. తరతరాలుగా ఊరికి వెట్టి చేసిన తోటి ఇంట పుట్టిన పిల్లవాడికి ఆ వెసులుబాటు లేదు. అతను కట్టని వేషాన్ని ఊరు అతనికి రోజూ తొడుగుతూనే ఉంటుంది. జాతర వీధిని అందరిదీ చేస్తుంది. వారం గడిచాక వీధి మళ్ళీ ఎవరిది వారికే పోతుంది. 2007లో దేవుణ్ణి దళితవాడకు తీసుకెళ్ళిన ‘దళిత గోవిందం’ విషయంలోనూ నాకు ఇదే సందేహం. దేవుడు వచ్చి వెళ్ళిన మర్నాడు, అదే వాడ మనిషి ఊళ్ళోని సభలో ముందు వరుసలో కూర్చోగలిగాడా అన్నదే అసలు ప్రశ్న.

కనుక పనిదినాల సంగతి పనిదినాల్లోనే తేలాలి. విశ్వవిద్యాలయాలు కొన్ని పనులు రేపే మొదలుపెట్టవచ్చు. ఏప్రిల్ 11 ఫూలే జయంతి, ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి, నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం. వీటి నిర్వహణను ఎస్సీ, ఎస్టీ విభాగానికో, బీసీ విద్యార్థి సంఘానికో వదిలేయకుండా అన్ని శాఖలూ వంతులవారీగా చేపట్టాలి. భౌతికశాస్త్ర శాఖ ఫూలే జయంతి జరిపిన రోజున అది ‘వారి ప్రోగ్రాం’ అనే మాట కొంతైనా వెనక్కి తగ్గుతుంది. సభా మందిరం ఇచ్చేటప్పుడు సంగీత సభకు ఒక పద్ధతి, విద్యార్థి చర్చా వేదికకు మరో పద్ధతి ఉండరాదు. వివక్షను అరికట్టడానికి సమాన అవకాశాల విభాగం, ప్రత్యేక అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనల్లోనే చెప్పింది. ఆ అధికారి ఎవరో, ఎక్కడ కూర్చుంటారో ప్రతి హాస్టల్ గోడ మీదా రాసి ఉండాలి. ఇక స్థలమో, నిధులో ప్రభుత్వం నుంచి పొందిన కుల సంఘాలు తమ వసతి గృహాల్లో, ఉపకార వేతనాల్లో కొంత భాగం తమ కులం కాని పేద విద్యార్థులకు ఇవ్వాలని అడగడం న్యాయం. ప్రజల సొమ్ముతో కట్టిన గోడలకు కనీసం ఒక కిటికీ అయినా ఉండాలి.

ఇవి కులాన్ని నిర్మూలించవని నాకు తెలుసు. కలిసి సభకు వెళ్ళినంత మాత్రాన, కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని అంబేడ్కరే హెచ్చరించాడు. కాని ‘రమ్మని ఎవరూ చెప్పలేదు’ అన్న అమ్మాయికి కుల నిర్మూలన జరిగే దాకా ఆగమని చెప్పే అర్హత మనకు లేదు. ఆమెకు ఈ చదువులో ఉన్నది రెండేళ్ళే.

ఈ ఏడాది నవంబరు 26 గురువారం. ఆ ఉదయం కూడా ఆ చిన్న పెట్టెను కత్తిరించుకుని తరగతికి వెళ్తాను. అవే రెండు గళ్ళు గీస్తాను. ఈసారి సుద్దముక్క ఆ చివరి వరుసలో కూర్చునే వారి చేతికే ఇస్తాను.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)